మనసుతో పోయినవారు

మంగళవారం పొద్దున దీపాలదిన్నె తహసీల్దారు కార్యాలయంలో ఒక ఆదాయ ధ్రువపత్రం మీద సీలు వేయబోతూ సీనియర్ అసిస్టెంటు హైమవతి కుర్చీలోంచి మాయమై, విజయవాడ అవతల శిఖరాగ్ర జూనియర్ కాలేజీ హాస్టల్లో కూతురి మంచం మీద తేలింది. సీలు మాత్రం బల్లమీదే ఉండిపోయింది. కౌంటరు ముందు నిలబడ్డ రైతు ఏమీ కంగారుపడలేదు. "పోయిందాండీ అమ్మగారు?" అని పక్క సీటాయన్ని అడిగి, పోయిందని రూఢి చేసుకుని, సాయంత్రం బస్సుకి వస్తుందిలే అని బయటికెళ్ళి బీడీ ముట్టించాడు. పక్క సీటు జాన్ సుందరం హాజరుపట్టీ తెరిచి, ఆమె పేరుకెదురుగా ఎర్ర సిరాతో "మ.పో." అని రాశాడు. అంటే మనసుతో పోయినవారు.

మనసెక్కడికి పోతే మనిషీ అక్కడికే పోవడం ఎప్పుడు మొదలైందో ఇప్పుడెవరికీ సరిగా గుర్తులేదు. మొదట్లో జనం హడలిపోయారు, కొన్నాళ్ళు హోమాలు చేయించారు, ఆ తరవాత అలవాటు పడ్డారు. కరెంటు కోతకి అలవాటు పడలేదూ? దేవుడి ఎదట చేతులు జోడించినవాళ్ళు జోడించినట్టే చెప్పుల స్టాండు దగ్గర తేలుతున్నారని, గుడివాళ్ళు హారతి పళ్ళెం కూడా అక్కడికే పంపడం మొదలుపెట్టారు. పీటల మీంచి పెళ్ళికొడుకు మాయమైతే, ఎక్కడ తేలాడో కనుక్కుని, చెప్పుకోదగ్గ చోటైతే ముహూర్తం కాస్త జరిపేవారు, చెప్పుకోలేని చోటైతే భోజనాలు పెట్టి అందర్నీ పంపేసేవారు. సంతాప సభల్లో రెండు నిమిషాల మౌనం ముగిసేసరికి సగం మంది టిఫిన్ల దగ్గర ఉండేవారు.

ప్రభుత్వం వారు ఊరుకుంటారా, నిబంధనలు తెచ్చారు. పోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, తిరిగి రావడం మాత్రం ఎవరి బస్సు చార్జీ వారిదే. రేపటి గురించి దిగులుపడేవాళ్ళు ఎక్కడికీ పోరు. రేపు అనే ఊరేదీ లేదు కాబట్టి ఉన్నచోటే చెమటలు కక్కుతారు. వాళ్ళకు ఫ్యాను సౌకర్యం కల్పించాలి. నిన్నటి గురించి తలుచుకునేవాళ్ళది ఇంకో అవస్థ. రిటైరైన హెడ్ గుమస్తా ఒకాయన తన పడుచుతనంలో వెళ్ళిన సినిమాహాలు తలుచుకుంటే, దాన్ని ఎప్పుడో కూలగొట్టేశారు గనక, ఆ స్థలంలో కట్టిన బట్టలకొట్టు సెల్లారులో స్కూటర్ల మధ్య తేలేవాడు. వాచ్‌మన్ పాపం రోజూ కుర్చీ వేసేవాడు.

హైమవతిది దేశాలు పట్టి తిరిగే మనసేం కాదు. దానికి తెలిసింది ఒకటే దారి. ఆ యేడు జూన్‌లో కూతురు చైత్రని ఇంటర్‌లో చేర్చి, పెట్టె దించి, జాగ్రత్తలు చెప్పి గేటు దాకా నడిచిందో లేదో, గేటు దాటకుండానే మళ్ళీ పిల్ల పక్కన ఉంది. అప్పట్నుంచీ అదే తంతు. ఆఫీసులో ఎవరైనా దగ్గినా, పెరుగన్నం డబ్బా మూత తెరిచినా, కళ్ళు మూసి తెరిచేలోగా హాస్టల్లో ఉండేది. చైత్రదీ అదే వరస. ఫిజిక్స్ స్టడీ అవర్‌లో కూర్చున్న పిల్ల కూర్చున్నట్టే దీపాలదిన్నెలో వంటింటి గట్టు మీద తేలి, "మమ్మీ, ఆకలే" అనేది. తండ్రి రామ్మోహనరావుకి ఎరువుల కొట్టు. ఆయన కొట్టులో ఉంటే మనసు కొట్టులో, టీవీ ముందు ఉంటే టీవీలో ఉండేది, ఎన్నడూ గడప దాటి ఎరగదు. ఆయనే స్కూటరు మీద పిల్లని బస్టాండులో దించి వచ్చేవాడు.

వచ్చిన చిక్కల్లా ఇద్దరూ ఒకేసారి తలుచుకున్నప్పుడు. తల్లి వెళ్ళి హాస్టల్లో ఖాళీ మంచం మీద తేలేది, కూతురు వచ్చి ఇంట్లో ఖాళీ వంటింట్లో తేలేది. ఇద్దరూ తల కొట్టుకుని చెరో బస్సూ ఎక్కేవారు. ఆ బస్సులు దారిలో ఏ ధాబా దగ్గరో ఎదురెదురుగా దాటిపోయేవి. కిటికీలోంచి చేతులూపుకోవడమే దక్కేది.

ఆ మంగళవారం సాయంత్రం తిరిగొచ్చిన హైమవతిని తహసీల్దారు గోవర్ధనం తన గదిలోకి పిలిచాడు.

"చూడమ్మా, నాకేం కోపం లేదు. నా మనసూ ఆదివారం రాకముందే చేపల మార్కెట్టుకి పోతుంది, కాదన్ను. కానీ నీది మరీ రోజూ బండి కట్టినట్టుంది. ఇకమీదట నీ పేరు మీద ఒక్క మ.పో. పడిందో, పైనుంచి సస్పెన్షనే. నా చేతుల్లో లేదు."

అంతకుముందే హాస్టల్లో వార్డెన్ విశాలాక్షి మేడం కూడా అడ్డం తిరిగింది. "మీరొచ్చారంటే రూములో మిగతా పిల్లలందరికీ వాళ్ళమ్మలు గుర్తొస్తున్నారండీ. మొన్న మీరొచ్చి వెళ్ళాక అరగంటలో మా ఫ్లోరు మొత్తం ఖాళీ. పిల్లల్ని ఊళ్ళమ్మట ఏరుకొచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకోసారి ఇటొచ్చినా, మీ పాప అటొచ్చినా సీటు క్యాన్సిలు. తరవాత నన్నేం అనకండి."

కనుక హైమవతి పరిస్థితి ఇదీ. ఉద్యోగం ఉంటేనే ఫీజు, ఫీజు కడితేనే సీటు, సీటుంటేనే పిల్ల బతుకు బాగుపడేది. పిల్ల బాగుపడాలంటే పిల్లని తలుచుకోకూడదు. తలుచుకోకూడదని తలుచుకున్నప్పుడల్లా పిల్ల గుర్తొచ్చేది. ఏం చేస్తుంది, బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చునేది. ఆ పట్టుకి బల్లకూడా హాస్టలుకి వెళ్తుందేమోనని జవాను భయపడేవాడు.

అదృష్టం బాగుండి ఆ వారమే ఉత్తర్వు వచ్చింది. రెవెన్యూ సిబ్బంది మనసులను కార్యాలయ ఆవరణలో నిలిపి ఉంచడానికి ధ్యాన శిక్షణ ఇప్పిస్తారట. హైదరాబాదు నుంచి నిరంజన్ అనే శిక్షకుడు తెల్ల లాల్చీలో దిగాడు. ల్యాప్‌టాప్ తెరిచి గోడ మీద బొమ్మలు వేస్తూ దీని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు.

రెండున్నర వేల యేళ్ళ కిందట బుద్ధుడు తన శిష్యులకు ఊపిరిని గమనించమని చెప్పాడు. లోపలికి వచ్చే ఊపిరి వస్తోందని తెలుసుకో, బయటికి పోయేది పోతోందని తెలుసుకో, అంతే. ఈ కృష్ణ ఒడ్డున కూడా విహారాలు కట్టుకుని భిక్షువులు అదే పని చేసేవారు. తరవాత మనవాళ్ళు మర్చిపోయారు. బర్మాలో సన్యాసులు మర్చిపోకుండా, పెళ్ళాం పిల్లలున్న మామూలు జనానికి సైతం నేర్పారు. అది సముద్రాలు దాటి అమెరికా చేరి, అక్కడి ఆసుపత్రుల్లో ఏ మందుకీ లొంగని నొప్పులున్నవాళ్ళకు ఊరటైంది. ఆ పైన కంపెనీలవాళ్ళు పట్టుకున్నారు. మొత్తానికి పుట్టింటి నుంచి కాషాయం కట్టుకుని వెళ్ళిన పిల్ల కోటు తొడుక్కుని తిరిగొచ్చిందన్నమాట. దీపాలదిన్నె పేరులో ఉన్న దిన్నె కూడా పాత విహారమే. ఆఫీసు ప్రహరీ కట్టిన కాంట్రాక్టరు ఆ దిన్నె ఇటుకలే తెచ్చి వాడాడు. అందుకే గోడ ఇంకా నిలబడి ఉంది.

జాన్ సుందరం చెయ్యెత్తాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, దేన్నీ అడక్కుండా వదలడు. "అయ్యా, ఆ బుద్ధుడు దీనికోసం ఇల్లూ వాకిలీ వదిలి పోయాడు గదండీ. మరి మనమేంటి, కుర్చీ వదిలి పోకుండా ఉండటానికి చేస్తన్నాం?"

"పద్ధతి ఒకటేనండీ," అన్నాడు నిరంజన్.

"ఇంతకీ ఆయన దేనికి చేసినట్టు?"

"దుఃఖం ఎక్కడినుంచి వస్తుందో చూడ్డానికండీ, సాటి ప్రాణుల మీద దయ పుట్టడానికి. అవి పై కోర్సులో ఉంటాయి. మీ ఆఫీసు తీసుకున్న ప్యాకేజీలో లేవు."

హమ్మయ్య అనుకున్నారందరూ. ఉన్న పని చాలదూ?

కళ్ళు మూసుకోండి, ముక్కు కొస దగ్గర ఊపిరిని చూడండి అన్నాడు నిరంజన్. మూసుకున్నారు. గదిలో మనుషులు ఒక్కొక్కరే వేయించిన అప్పడాల్లా పటపటమంటూ మాయమయ్యారు. ఒకరు కట్టుకుంటున్న ఇంటి శ్లాబు మీద తేలారు, ఒకరు బావమరిది గుమ్మంలో, గోవర్ధనం గారు చేపల మార్కెట్లో. ఖాళీ కుర్చీలను చూసి "పరవాలేదు, మొదట్లో ఇలాగే ఉంటుంది, మనం మాత్రం ఈ క్షణంలో..." అంటూనే నిరంజన్ కూడా మాయమై, హైదరాబాదులో లిఫ్టు చెడిపోయిన తన అపార్టుమెంటు మెట్ల మీద తేలాడు. మర్నాడు బస్సు దిగి వచ్చినప్పుడు ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. శిక్షణ కాలంలో పోయినవి హాజరుపట్టీకి ఎక్కవు.

హైమవతి ఎక్కడికి పోయిందో వేరే చెప్పాలా? ఊపిరి లోపలికి వచ్చింది. ముక్కుకి చల్లగా తగిలింది. ఆ వెంటనే, పిల్లకి జలుబు తగ్గిందో లేదో అనుకుంది. కళ్ళు తెరిచేసరికి హాస్టల్లో ఉంది. ఎదురుగా చైత్ర మంచం మీద, మంచం కోడు రెండు చేతులా వాటేసుకుని బిగుసుకు కూర్చుని ఉంది.

"అదేంటే, అలా పట్టుకున్నావ్?"

"వచ్చావా! నువ్వొస్తావని తెలుసు మమ్మీ. నేనుగ్గాని అటొచ్చేస్తే ఇద్దరం తప్పిపోతామని..." అంటూ కోడు వదిలి తల్లిని పట్టుకుంది. ముక్కు ఎర్రగా ఉంది, ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. ఇద్దరూ కాసేపు ఏడ్చి, ఆనక ఎందుకో నవ్వు వచ్చి నవ్వారు.

"సీటు పోతుందే తల్లీ. నన్ను తలుచుకోమాక."

"నువ్వే ముందు మానెయ్."

"నాకు చేతనైతే మాననా?" అంది హైమవతి. వరండాలో వార్డెన్ చెప్పుల చప్పుడు వినపడగానే, చాకలామె వెనకాలే మూటొకటి నెత్తిన పెట్టుకుని వెనక మెట్లమ్మట దిగి, ఎవరి కంటా పడకుండా బయటపడింది. ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ సుందరం ఆమె బల్ల దగ్గరికి స్టూలు లాక్కున్నాడు. శిక్షణ మొదలైనప్పట్నుంచీ కుర్చీలోంచి కదలని మనిషి అతనొక్కడే.

"మీకెలా కుదిరింది సుందరం గారూ? అంత వైరాగ్యం ఎక్కడిది?"

"వైరాగ్యమా నా మొహమా! అమ్మా హైమవతీ, నీకాడికి అర్జీ వచ్చిందనుకో. తీసుకోనంటావా?"

"అనను. అంటే గుమ్మంలో కూర్చుని ధర్నా చేస్తారు."

"మరి పట్టుకుని పని చేసి పెడతావా?"

హైమవతి నవ్వింది.

"కదా! చూశాను అని పొట్టి సంతకం గీకి ట్రేలో పడేస్తాం. ఇచ్చినోడు అమ్మగారు చూశారని తృప్తిగా పోతాడు. బుర్రలోకి వచ్చేవాటినీ అంతే చెయ్యి. పిల్ల గుర్తొచ్చిందా, కాదనమాక. దాని ఎనకాల పోమాక. చూశానని సంతకం పెట్టు, ట్రేలో వెయ్యి. ఇన్నేళ్ళ సర్వీసు, ఆ మాత్రం చేతకాదా?"

ఆ పూట శిక్షణలో హైమవతి కళ్ళు మూసుకుంది. ఊపిరి వచ్చింది, పోయింది. చైత్ర వచ్చింది. ఎర్రటి ముక్కుతో, జుట్టు రేపుకుని, మంచం కోడు పట్టుకుని నిలబడింది. హైమవతి గుండె లేచి వెళ్ళబోయింది. గబుక్కున, కౌంటరు దగ్గర అనే గొంతుతోనే లోపల "చూశాను" అంది. పిల్ల ఇంకాసేపు అలాగే నిలబడింది, అర్జీదారులు నిలబడతారే, ఇంకేమన్నా అంటారేమోనని, అలా. ఏమీ అనకపోయేసరికి పక్కకి తప్పుకుని వెళ్ళిపోయింది. హైమవతి కళ్ళు తెరిచి చూసుకుంటే కుర్చీలోనే ఉంది. ఆమె చెంపల మీంచి నీళ్ళు కారుతున్నాయి. అవి సంతోషంతో వచ్చినవే, నిజం. ఉద్యోగం నిలబడింది, పిల్ల సీటు నిలబడింది, ఎన్నాళ్ళకో గుండెల మీంచి బరువు దిగింది.

నిరంజన్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. బర్మాలో కొందరు గురువులు నేర్పే పద్ధతి కూడా ఇంచుమించు ఇదేనట. వచ్చిన తలపుకల్లా పేరు పెట్టి, చూసి, పోనిస్తారట. "భిక్షువులకు యేళ్ళు పట్టే విద్యండీ. మీకు ఒక్క పూటలో పట్టుబడింది. రెవెన్యూ శాఖలో ఇంత సాధన ఉందని నాకు తెలీదు," అని ఆశ్చర్యపోయాడు. ఆ వారం తిరక్కుండానే సుందరం పద్ధతి అందరికీ నేర్పించారు. హాజరుపట్టీలో ఎర్ర సిరా కనపడటం మానేసింది.

పని పెరిగిందా అని అడక్కండి. పెరగలేదు. అయితే ఇదివరకు ఖాళీ కుర్చీల ముందు నిలబడే జనం ఇప్పుడు నిండు కుర్చీల ముందు నిలబడుతున్నారు, ఆ తేడా వాళ్ళకి తెలుస్తోంది. ఒకరోజు ఊతకర్రతో ఒక ముసలాయన వచ్చాడు. తన పేరు చనిపోయినవాళ్ళలో రాసేశారని, బతికే ఉన్నానని, కాస్త చూడమని అన్నాడు. వెనక రోజుల్లో ఇలాంటిదే ఒకటి జరిగితే, వింటూ వింటూనే హైమవతి మాయమై ఆ మనిషి ఇంట్లో పొయ్యి దగ్గర తేలింది. పిల్లి పడుకున్న పొయ్యిని కళ్ళారా చూసి తిరిగొచ్చి, ఆ సాయంత్రమే రికార్డులో అతన్ని బతికించింది. ఇప్పుడలాంటి ప్రయాణాల బెడద లేదు. ముసలాయన గొంతు వణకడం ఆమె చూసింది. తన కడుపులో ఏదో కదలడం చూసింది. అది కుదుటపడటం కూడా చూసింది. "మీరొచ్చారని గమనించాను తాతా," అంది చల్లగా. "పోన్లే తల్లీ, సీట్లో మనిషుంది, అదే పదివేలు," అంటూ ఆయన కర్ర వెతుక్కుని వెళ్ళిపోయాడు.

చైత్ర కూడా వంటింటి గట్టు మీద తేలడం మానేసింది. కాలేజీవాళ్ళు అదే ప్యాకేజీ కొన్నారట. పిల్ల సీట్లోంచి కదలడం లేదని, ముందెన్నడూ లేనంత స్థిరంగా ఉందని వార్డెన్ ఫోన్లో చెప్పినప్పుడు రామ్మోహనరావు స్వీట్లు తెచ్చాడు. హైమవతి మొదటి రోజుల్లో గట్టు వంక చూసేది. చూశానని అనుకునేది. తరవాత ఆ చూపు కూడా అటు పోవడం మానుకుంది.

ఒక శనివారం మాత్రం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆమె ఓ తప్పు పని చేసింది. తలుపు గడియ పెట్టి, వంటింట్లో నేల మీద కూర్చుని, కూతుర్ని కావాలని తలుచుకుంది. సంతకం పెట్టలేదు, ట్రేలో వెయ్యలేదు. పద, పోదాం పద, అని మనసుని బతిమాలింది. పిల్ల జడ తలుచుకుంది, నిద్రలో పళ్ళు కొరకడం తలుచుకుంది, మొదటిసారి సైకిలు మీంచి పడి లేచి నవ్వడం తలుచుకుంది. నేల చల్లగా ఉంది. ఆమె ఎక్కడికీ పోలేదు. అప్పుడు భయం పుట్టింది, బావిలోకి తొంగిచూసినప్పుడు పుట్టేలాంటి భయం. ఆ భయం వచ్చిందని గమనించింది. కాసేపటికి అదీ పోయింది. లేచి కూర తరుక్కుంది.

నెలాఖరు ఆదివారం హాస్టల్లో తల్లిదండ్రుల్ని రానిస్తారు. హైమవతి బస్సెక్కి వెళ్ళింది. షామియానా కింద బెంచీల మీద తల్లులూ పిల్లలూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఇదివరకు ఈ ఆదివారాలు ఏడుపులతో, పెడబొబ్బలతో, గేటు పట్టుకు వేళ్ళాడే పిల్లలతో కోలాహలంగా ఉండేవి. ఇప్పుడు చీమ చిటుక్కుమన్నా వినపడుతోంది. వార్డెన్ విశాలాక్షి మేడం కుర్చీలో జారగిలబడి, యేళ్ళ తరవాత తీరిగ్గా కాఫీ తాగుతోంది. హైమవతిని చూసి చెయ్యి కూడా ఊపింది.

చైత్ర చిక్కిపోయింది. కళ్ళ కింద నల్లగా ఉంది. బెంచీ మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

"బాగున్నావా తల్లీ?"

"ఆఁ. మొన్న నాలుగు రోజులు జరమొచ్చింది మమ్మీ. గమనించాను."

"ఏడుపొచ్చిందా?"

"వచ్చింది. కొంచేపుండి పోయింది."

హైమవతి గొంతులో ఏదో పైకి లేచింది. పెద్దదే. అది లేచిందని గమనించింది, గుండె దగ్గర బరువుగా ఉందని గమనించింది, చెయ్యి ముందుకు చాచాలనిపిస్తోందని కూడా గమనించింది. అన్నీ ఒక్కొక్కటే వచ్చాయి, ఒక్కొక్కటే పోయాయి. చెయ్యి ఒళ్ళోనే ఉంది. ఎదురుగా పిల్ల ఛాతీ నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది. తల్లీ కూతుళ్ళ ఊపిర్లు కాసేపటికి ఒకే తాళానికి వచ్చాయి. ఎంత బాగుందో ఆ పూట. తప్పిపోయే భయం లేదు, దారిలో బస్సులు దాటిపోవడం లేదు, ఇద్దరూ ఒకేచోట, ఎదురెదురు బెంచీల మీద ఉన్నారు. గంట కొట్టగానే చైత్ర లేచి, వరసలో నిలబడి, వెనక్కి తిరగకుండా లోపలికి వెళ్ళిపోయింది.

తిరుగు ప్రయాణంలో బస్సు నిండా జనం. దారిలో ఒక్కరూ మాయం కాలేదు. ఎక్కినవాళ్ళంతా దిగేచోటే దిగారని కండక్టరు పొంగిపోయాడు. పొద్దు వాలకముందే హైమవతి ఇల్లు చేరింది. రామ్మోహనరావు టీవీ సౌండు కాస్త తగ్గించి, "పిల్లెలా ఉంది?" అనడిగాడు.

హైమవతి గుమ్మంలో నిలబడి గుర్తు తెచ్చుకోబోయింది. ఏ బట్టలు కట్టుకుందో, ఏం మాట్లాడిందో, ముఖం ఎలా ఉందో, ఏదీ ఆగలేదు. ఒకటి మాత్రం చాలా స్పష్టంగా కనపడింది.

"ఊపిరి తీసుకుంటోంది," అంది.

"హమ్మయ్య," అన్నాడాయన, టీవీ సౌండు పెంచుతూ.